మామయ్య ఎడమ బుగ్గ

కిందటి వారం మిమ్మల్ని వర్క్‌షాపు గుమ్మంలో నిలబెట్టి వెళ్లిపోయాను. నేనూ అక్కడే నిలబడి ఉన్నాను, చేతిలో టీ గ్లాసుల పళ్లెంతో. ఎదురుగా మామయ్య ఒక పాత సోఫాను బోర్లా తిప్పి దానికి అడుగుగుడ్డ బిగిస్తున్నారు. ఆయన ఎడమ బుగ్గ ఉబ్బి ఉంది. నన్ను చూడగానే గోడవైపు తిరిగిపోయారు.

కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు ఒక్క మాట. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చి ఇంకా కొన్ని నెలలే. కింద సోఫాల వర్క్‌షాపు, పైన ఇల్లు. వంటింట్లో నిలబడితే కింది సుత్తి దెబ్బ అరికాళ్లకు తెలుస్తుంది. అదంటే నాకెంత ఇష్టమో చెబితే మా ఆయన నవ్వుతారు. ఆయన నవ్వాలనే రోజూ చెబుతాను. మా ఆయన పని కొలతలు తీసుకోవడం. మెడలో టేపు వేసుకుని ఇళ్లకూ ఆఫీసులకూ తిరుగుతారు. సాయంత్రం ఆ టేపు తీయడం మరిచిపోయి అలాగే భోజనానికి కూర్చుంటారు. నేను గుర్తు చెయ్యను, ఆ టేపుతో బాగుంటారు.

మామయ్యకు రెండేళ్ల కిందట ఎడమ బుగ్గ లోపల కేన్సర్ వచ్చింది. ఏళ్ల తరబడి పొగాకు నలిపి పెట్టుకున్న చోటే వచ్చింది. ఆపరేషన్ చేసి చెడిన భాగమంతా తీసేశారు. ముంజేతి మీంచి చర్మం తీసి ఆ ఖాళీలో అతికి కుట్టారు. తొందరగా దొరికింది కాబట్టి కరెంటు పెట్టాల్సిన, అదే రేడియేషన్ ఇవ్వాల్సిన, పని పడలేదు. చర్మంతో పాటు ముంజేతి వెంట్రుకలు కూడా బుగ్గలోకి వెళ్లి, అక్కడ హాయిగా పెరుగుతున్నాయి. "బయటా లోపలా గడ్డం ఉన్న మగాణ్ణి నేనొక్కణ్ణేనమ్మా." మామయ్య నాతో మాట్లాడిన మొదటి మాట అది. ఈ ఇంట్లో నేను సుఖపడతానని నాకు అప్పుడే తెలిసిపోయింది.

పొగాకు కేన్సరని తెలిసిన రోజే మానేశారు. కానీ ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ గట్టిగా చెప్పింది, మొదటి రెండు మూడేళ్లే కాపలా కాయాల్సిన కాలమని, ఇది తిరిగొస్తే ఎక్కువగా అప్పుడే వస్తుందని, చూపించుకోవడం ఒక్కసారి కూడా తప్పించొద్దని. మా పెళ్లి హడావిడిలో ఒకటి తప్పింది. ఆ తర్వాతది "ఆర్డర్లున్నాయి" అంటూ ఆయనే తప్పించారు. ఇప్పుడేమో బుగ్గ ఉబ్బి ఉంది, మొహం గోడవైపు ఉంది.

"మామయ్యా, టీ చల్లారిపోతోంది."

"ఊఁ."

"ఇవాళ అల్లం ఎక్కువ వేశాను. ఎలా ఉందో మీరు చెప్పాలి."

"ఊఁహూఁ."

మామయ్య మాట్లాడకపోవడమంటే మా ఇంట్లో కుళాయి రాకపోవడం లాంటిది. ఏదో తేడా చేసిందని ఇల్లంతటికీ తెలిసిపోతుంది. మూలన పెద్ద కత్తితో ఫోమ్ కోస్తున్న స్పంజి బాబాయ్ చెయ్యి ఆపాడు. ఆయన అసలు పేరు ఎవరూ వాడరు. ఒంటి నిండా ఎప్పుడూ ఫోమ్ పొడే కాబట్టి స్పంజి. మామయ్యతో కలిసి పని నేర్చుకున్నవాడు.

"అమ్మాయ్, మీ మామ పనిలో ఉంటే ఇంతే. నువ్వు పైకెళ్లు," అన్నాడు.

"ఆయన తరఫున మీరు మాట్లాడుతున్నారేం బాబాయ్? ఆయన నోరేమైంది?"

తెర వెనక కుట్టుమిషన్ చప్పుడు ఆగిపోయింది. సోఫా కవర్లు కుట్టేది అత్తయ్యే. అత్తయ్య మాటలు కూడా ఆవిడ వేసే కుట్టులాగే ఉంటాయి, పొట్టిగా, గట్టిగా.

"ఏమిటట?"

"మామయ్య బుగ్గలో ఏదో ఉంది అత్తయ్యా."

అత్తయ్య తెర తీసుకుని వచ్చారు. వేలికి పెట్టుకున్న ఇత్తడి తొడుగు కూడా తియ్యలేదు. మామయ్య ముందు నిలబడి బుగ్గనే చూశారు. ఆవిడ మొహంలో రంగు మారడం నాకు కనిపించింది.

"తెరవండి."

మామయ్య తల అడ్డంగా ఊపారు.

"రెండేళ్లుగా మీ చొక్కా జేబులు వాసన చూస్తున్నాను. ఉతికే ముందు ప్రతి జేబూ. నా మొగుడి జేబులు నేను దొంగలా తడుముకోవడం నాకేమన్నా సరదానా? తెరవండి."

"వదినా, అది కాదు..." స్పంజి బాబాయ్ అడ్డం రాబోయాడు.

"నీకూ తెలుసన్నమాట."

బాబాయ్ మళ్లీ ఫోమ్ వైపు తిరిగిపోయాడు. మామయ్య ఒక్క నిట్టూర్పు విడిచి, నా చేతిలోని పళ్లెం కిందికి వంగారు. ఠంగ్‌మని ఏదో పడింది. చిన్న నల్ల మేకు. దాని వెనకే ఇంకొకటి. నాలుకతో ఒక్కొక్కటే పెదాల దగ్గరికి తోసి వదులుతున్నారు, మేకులు టీ గ్లాసుల మధ్య దొర్లుతున్నాయి. ఎంతకీ అయిపోవు. ఆ బుగ్గలో ఒక సోఫాకు సరిపడా సామాను ఉంది.

"మేకులా," అన్నారు అత్తయ్య.

"మేకులే. పొగాకు కాదు. నీ మీద ఒట్టు," నోరు ఖాళీ అయ్యాక మామయ్య గొంతు మామూలుగా వచ్చింది. "ఒక చెయ్యి గుడ్డను లాగి పట్టుకోవాలి. ఇంకో చేతిలో సుత్తి ఉండాలి. మరి మేకులు ఎవరు పట్టుకుంటారు? ఈ పనిలో నోరే మూడో చెయ్యి. ఇదివరకు కుడి బుగ్గలో పెట్టుకునేవాణ్ణి, ఎడమదాంట్లో పొగాకు ఉండేది కాబట్టి. ఇప్పుడు ఎడమది ఖాళీ. పైగా అక్కడ అతికింది చేతి తోలు కదా, గుచ్చుకున్నా తెలీదు. ఎంత సుఖంగా ఉందో."

అత్తయ్య ఒక్క క్షణం ఆయన్ని అలాగే చూసి, పక్కనే విప్పదీసి ఉన్న సోఫా స్ప్రింగుల మీద కూలబడ్డారు. స్ప్రింగులు ఆవిణ్ణి మెల్లగా పైకీ కిందికీ ఊపాయి. ఆవిడ నవ్వుతున్నారో ఏడుస్తున్నారో కాసేపు తెలియలేదు. తర్వాత నవ్వేనని తేలింది. ఆ నవ్వు బాబాయ్‌కి అంటుకుంది, నాకూ అంటుకుంది. పళ్లెంలో గ్లాసులు గలగలలాడాయి.

గుచ్చుకున్నా తెలీదన్న మాట మళ్లీ చెవిలో మోగేసరికి నా నవ్వు ఆగిపోయింది.

"మామయ్యా, ఒకసారి నోరు తెరవండి. నేను చూస్తాను."

"ఖాళీ అయిందిగా తల్లీ. ఇంకేం చూస్తావు?"

"చూస్తాను."

ఫోన్ లైటు వేశాను. మామయ్య నోటి లోపల నేనెప్పుడూ చూడలేదు. ఎర్రటి బుగ్గ మధ్యలో తెల్లటి చర్మం ముక్క, దాని మీద నిజంగానే నల్లటి వెంట్రుకలు, చేతి మీద ఉన్నట్టే పడుకుని ఉన్నాయి. సోఫాకు వేరే రంగు గుడ్డతో అతుకు వేసినట్టుంది. ఆ అతుకు అంచున, పాత చర్మం కొత్త చర్మాన్ని కలిసే చోట, ఒక పుండు. చుట్టూ తెల్లగా, మధ్యలో పచ్చిగా ఉంది.

లైటు ఆర్పాను.

"చూశావా," అన్నారు మామయ్య.

"చూశాను."

"నాకు తెలుసులే. నాలుకకు తగులుతోంది. మీ పెళ్లి ఫోటోలు వచ్చినప్పట్నుంచీ."

అత్తయ్య స్ప్రింగుల మీంచి లేచారు. స్పంజి బాబాయ్ కత్తి కింద పెట్టాడు. "మేకు గీరుకుని ఉంటుంది. అంతే అయ్యుంటుంది," అన్నాడు.

"అయ్యుంటుందని మనం అనుకుంటే సరిపోతుందా బాబాయ్?"

"అదే అనుకుందామమ్మా," అన్నారు మామయ్య. ఆయన నాతో ఇంత నెమ్మదిగా ఎప్పుడూ మాట్లాడలేదు. "మేకు గీరిందయితే అదే మానుతుంది. కాకపోతే మళ్లీ కోస్తారు. ఈసారి రెండో చేతి తోలు తీస్తారు. చేతులతో బతికేవాణ్ణి, ఎన్ని చేతులని ఇవ్వను? తెలియనంతవరకూ నేను బాగున్నట్టే కదా. పైగా నువ్వు కొత్తగా వచ్చిన పిల్లవి. పొద్దున్నే మెట్లమీద పాడుకుంటూ దిగుతావు. ఆ పాట వింటూ పని మొదలుపెట్టడం నాకు అలవాటైపోయింది. ఈ ఇంట్లో మళ్లీ ఆస్పత్రి వాసన తేవడం ఎందుకని."

నాకు కోపం వచ్చింది. ఈ ఇంటికి వచ్చాక నాకు వచ్చిన మొదటి కోపం అది. "నా పాట కోసం మీరు ఇది దాచుకునేటట్టయితే నాకు ఆ పాటే వద్దు మామయ్యా. మేకయితే మేకని తెలుసుకుందాం. ఇంకోటయితే కిందటిసారిలాగే చిన్నదిగా ఉన్నప్పుడే పట్టుకుందాం. మీరు దాచిన ప్రతిరోజూ దానికే లాభం."

"చదువుకున్నదానివి, బాగానే చెబుతావు."

"చదువు సంగతి వదిలెయ్యండి. మీకు భయంగా ఉంది. నాకూ భయంగానే ఉంది. ఇద్దరం కలిసి వెళ్దాం."

మామయ్య సుత్తిని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నారు. "ఈ సోఫా సాయంత్రానికి ఇవ్వాలి," అన్నారు చివరికి.

జవాబుగా పెద్ద చప్పుడు వినిపించింది. అత్తయ్య వెళ్లి షట్టర్ సగానికి దించేశారు. పనిరోజున, పట్టపగలు ఆ షట్టర్ దిగడం నేనెప్పుడూ చూడలేదు. మామయ్య కూడా చూసి ఉండరు, నోరు తెరిచి ఉండిపోయారు.

"సోఫావాళ్లు వస్తే?"

"వస్తే వెళ్తారు."

"ఏం చెబుతావు వాళ్లకి?"

"కిర్రుమంటున్న సోఫా మీద కొత్త గుడ్డ కప్పి ఇచ్చారా మీరు ఎన్నడైనా? కర్ర కనబడేదాకా విప్పి చూస్తే తప్ప నిద్రపోరు. ఊరి సోఫాలకున్న పాటి విలువ మీ బుగ్గకు లేదా? నడవండి."

ఆ సగం షట్టర్ కిందినుంచి అందరం వంగి బయటికి వచ్చాం. మామయ్య అందరికంటే ముందు వంగారు.

డాక్టరమ్మ పొట్టిమనిషి. మామయ్యను ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, తను ఒక స్టూలు ఎక్కి చూస్తుంది. "సోఫాగారూ, నన్ను రెండుసార్లు ఎగ్గొట్టారు," అంది పలకరింపుగా. మామయ్య ఆర్డర్ల గురించి ఏదో మొదలుపెట్టేలోగా ఆవిడ గ్లవ్ వేసుకున్న వేలు బుగ్గలోకి వెళ్లిపోయింది. పుండు అంచులు ఒత్తి చూసింది. నాలుక కింద చూసింది. మెడకు రెండువైపులా, దవడ కిందా వేళ్లతో తడిమింది. మేకుల కథ నేను చెబుతుంటే ఆవిడకు నవ్వు ఆగలేదు. కానీ నవ్వుతూ కూడా తడమడం ఆపలేదు. ఆవిడ మీద నాకు అప్పుడే గురి కుదిరింది.

"మేకుల వల్లేనని నాకూ అనిపిస్తోంది," అంది స్టూలు దిగి. "కానీ అనిపించిందని వదిలెయ్యలేను. ఇది అతుకు అంచున ఉంది. తిరిగొచ్చేదయితే మొదట తొంగిచూసే చోట్లలో అదొకటి. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపిద్దాం. రిపోర్టు వచ్చేదాకా నోట్లో అన్నమూ మాటలూ తప్ప ఇంకేమీ ఉండకూడదు."

"మాటలు మాత్రం తగ్గించమనకండి," అన్నారు మామయ్య, అప్పటికే మత్తు ఇచ్చిన నోటితో.

ఆ రిపోర్టు కోసం ఎదురుచూసిన రోజుల గురించి ఎక్కువ చెప్పను. విషయం విన్న సాయంత్రం మా ఆయన మెట్లమీదే కూర్చుండిపోయారు. ఆయన పక్కన ఇరుక్కుని నేనూ కూర్చున్నాను. ముగ్గురు పట్టే సోఫా ఇచ్చినా ఒక మూలనే సర్దుకునే జంట మేము, ఒక మెట్టు మాకు ధారాళంగా సరిపోయింది. భయంగా ఉండేది. ఆ భయంలోనే, పొద్దున్నే ఆయన తడి తల నా చెంపకు తగిలితే సంతోషంగానూ ఉండేది. ఈ రెండూ ఒకేసారి ఎలా ఉంటాయో నాకు తెలియదు, ఉన్నాయి.

కింద మామయ్య పని ముందుకు సాగడం లేదు. బల్ల మీంచి మేకు తీసుకునేలోగా లాగిపట్టిన గుడ్డ వదులైపోతోంది. ఒక మధ్యాహ్నం పాడైన స్పీకరు ఒకటి విప్పి, దాని అయస్కాంతం ఊడదీశాను. మెరూన్ రంగు మఖమలు ముక్కలతో పట్టీ కుట్టి, మధ్యలో అయస్కాంతం పెట్టి, మామయ్య మణికట్టుకు కట్టాను. మేకుల డబ్బాలో చెయ్యి ముంచి తీస్తే బెల్లానికి చీమలు పట్టినట్టు పట్టేశాయి. మామయ్య చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు, కొత్త వాచీ పెట్టుకున్నవాడిలా. స్పంజి బాబాయ్ తనకూ ఒకటి కావాలన్నాడు.

"ఫోమ్ అయస్కాంతానికి అంటుకోదురా," అన్నారు మామయ్య.

"అంటుకోకపోతేనేం, చేతికి అందంగా ఉంటుంది."

రిపోర్టు రోజున నలుగురం వెళ్లాం, కొట్టు బాబాయ్‌కి అప్పగించి. డాక్టరమ్మ కాగితం చదువుతున్నంతసేపూ అత్తయ్య నా చెయ్యి పట్టుకునే ఉన్నారు. ఆవిడ వేలి తొడుగు నా అరచేతిలో గుచ్చుకుంటోంది. నేను కదలలేదు.

"కేన్సర్ లేదు," అంది డాక్టరమ్మ. "గీరిన చోటే మళ్లీ మళ్లీ గీరుకుని పుండు పడింది. మీ మేకులే దోషులు. అప్పుడే మానడం కూడా మొదలైంది."

అత్తయ్య ముందుకు వంగారు. "మళ్లీ చెప్పండి."

"కేన్సర్ లేదమ్మా."

"ఇంకొక్కసారి."

"లేదు. తిరిగి రాలేదు."

"ఇక చాల్లే, ఆవిడకి వేరే పేషెంట్లున్నారు," అన్నారు మామయ్య. ఆ మాట మధ్యలో ఆయన గొంతు రెండుగా చీలిపోయింది. మా ఆయన తండ్రి భుజం మీద నుదురు ఆనించి అలాగే ఉండిపోయారు. మెడలో టేపు ఇద్దరి మధ్యా వేలాడుతోంది. నేను ఆ గదిలో గెంతలేదు. గెంతకుండా ఉండడానికి చాలా కష్టపడ్డాను.

"లేదు అన్నానంటే ఇవాళ్టికి లేదని," డాక్టరమ్మ వేలు చూపించింది. "కాపలా కాలం ఇంకా అయిపోలేదు. చెప్పిన రోజుకి మీరు రావాలి. ఈలోగా ఇంట్లో కూడా ఒక కన్నేసి ఉంచండి. మానని పుండు, తెల్లమచ్చ, ఎర్రమచ్చ, మెడలో గడ్డ, ఏది కనిపించినా పరుగెత్తుకు రండి. నోరు తెరుచుకోవడం తగ్గినా సరే. ఇదిగో, ఇలా మూడు వేళ్లు నిలువుగా పళ్ల మధ్య పట్టాలి."

మామయ్య మూడు వేళ్లూ దూర్చి, ఆ నోటితోనే "వస్తాను" అన్నారు. ఆ మాట ఆయన మాటలా లేదు, అయినా మాకందరికీ అర్థమైంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆయన ఆటోను ఇంటిదాకా రానివ్వలేదు. వీధి మొదట్లో దిగి నడిచారు. తాళాలు బాగుచేసేవాడికి చెప్పారు. ఇస్త్రీ చేసేవాడికి చెప్పారు. మంగలి దగ్గర ఆగి, "లోపలి గడ్డానికి ఎంత తీసుకుంటావో ఇప్పుడే చెప్పు, చాలాకాలం వస్తూ ఉంటాను," అన్నారు. మంగలి కత్తెర పట్టుకునే బయటికి వచ్చి ఆయన్ని వాటేసుకున్నాడు. లోపల కుర్చీలో సగం జుట్టుతో కూర్చున్న మనిషి కూడా, ఎందుకో తెలియకుండానే, చప్పట్లు కొట్టాడు.

వర్క్‌షాపులో తయారై వెళ్లడానికి సిద్ధంగా ఉన్న పెద్ద సోఫా ఉంది. పనివాళ్లెవరూ దానిమీద కూర్చోకూడదన్నది మామయ్య పెట్టిన నియమమే. ఆయనే వెళ్లి దాని నడుమన కూర్చున్నారు, రెండు చేతులూ చాపి, రాజుగారిలా.

"అందరూ వరసగా రండి. డాక్టరమ్మ చెప్పింది నాకొక్కడికే కాదు. నోరు అందరికీ ఉంది. ముందు నువ్వు రారా స్పంజీ."

బాబాయ్ మూడు వేళ్లూ సునాయాసంగా దూర్చాడు. "నాలుగోది కూడా పడుతుంది చూస్తావా?"

"నీ నోరు పెద్దదని ఊరికంతా తెలుసు. పక్కకి జరుగు."

అత్తయ్య ముందు ఒప్పుకోలేదు. తర్వాత తెర వెనక్కి వెళ్లి తనంతట తనే చూసుకుని వచ్చి, "పట్టాయి," అన్నారు మామూలుగా. నా వంతు వచ్చింది. నావీ పట్టాయి, వేళ్లకు లిప్‌స్టిక్ అంటుకుంది. మామయ్య చప్పట్లు కొట్టారు. అంత సంబరం నేను డిగ్రీ తెచ్చుకున్న రోజున కూడా చూడలేదు.

"ఇక నువ్వు రా," అన్నారు కొడుకుతో.

మా ఆయన గోడకు ఆనుకుని మమ్మల్ని చూసి నవ్వుతున్నారు. "నాకెందుకు నాన్నా."

"ఎందుకేమిటి, నీ పెళ్లాం కూడా చూపించింది. రా."

నేనే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. ఆయన నవ్వుతూనే వచ్చారు. నవ్వుతూనే తన మూడు వేళ్లూ కలిపి నోటి దగ్గర పెట్టుకున్నారు. రెండు వేళ్లు వెళ్లాయి. మూడోది పళ్లకు తగిలి ఆగిపోయింది. ఆయన వేలు కొంచెం తిప్పి మళ్లీ ప్రయత్నించారు. మళ్లీ ఆగిపోయింది.

స్పంజి బాబాయ్ నవ్వడం మానేశాడు. సోఫా మీంచి మామయ్య మెల్లగా ముందుకు జరిగారు.

"ఆటలు చాలురా. సరిగ్గా తెరువు."

మా ఆయన వేళ్లు బయటికి తీసుకుని, నా వైపు చూడకుండా అన్నారు.

"తెరిచాను నాన్నా. ఇంతకంటే తెరుచుకోవడం లేదు."